పాత ఇంటికి క్రొత్త గది

క్రొత్త ఇల్లు కట్టుకొనువారికి సలహా చెప్పువారు ఊరినిండ ఉందురు. పాత ఇంటికి ఒక గది చేర్చుకొనువారికి సలహా చెప్పువారు అరుదు. అది చిన్నపని యని అందరి అభిప్రాయము. నాలుగు గోడలు, ఒక శ్లాబు, ఒక తలుపు, ఇంతేకదా యందురు. కాని ఆలోచించి చూచినచో క్రొత్త ఇంటికంటె ఇదియే కష్టమైన పని. ఖాళీ స్థలమునకు అలవాట్లు ఉండవు. అందులో మన ఇష్టము వచ్చినట్లు గీత గీసికొనవచ్చును. ఎనుబదియేండ్లకు పైగా మనుష్యులు కాపురమున్న ఇంటికి అలవాట్లు ఉండును. గాలి ఏ వైపునుండి వచ్చి ఏ వైపునకు పోవునో, వాననీరు ఎచట పడి ఎచటికి పారునో, ఎవరు ఎచట కూర్చుండి కూరలు తరుగుదురో, ఎవరు ఎచట పండుకొందురో, ఇవి యన్నియు ఆ ఇంటిలో స్థిరపడిపోయి యుండును. మనము చేర్చు గది వీనిలో దేనినో ఒకదానిని కదపక మానదు. ఏది కదలినను సహింపవచ్చును, ఏది కదలరాదు అను వివేచనయే ఈ పనికి ముఖ్యము.

ఈ ఆలోచన మన దేశమునకు క్రొత్తది కాదు. ఆరవ శతాబ్దమునకు చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వాస్తువిద్యకు ఒక అధ్యాయము కేటాయించెను. నడుమ ముంగిలి, నాలుగు దిక్కుల నాలుగు శాలలు గల ఇల్లు చతుశ్శాల. ఒక శాల తగ్గినచో త్రిశాల, రెండు తగ్గినచో ద్విశాల. త్రిశాలలలో ఏ దిక్కున శాల లేదో దానినిబట్టి ఇంటికి పేరు పెట్టుట ఒక విశేషము. ఉత్తరపు శాల లేనిది హిరణ్యనాభము. తూర్పు శాల లేనిది సుక్షేత్రము. దక్షిణపు శాల లేనిది చుల్లి. పడమటి శాల లేనిది పక్షఘ్నము. మొదటి రెండును మేలు చేయునని, తక్కిన రెండును కీడు చేయునని ఆ గ్రంథము చెప్పును. ఆ ఫలములను నమ్ముట, నమ్మకుండుట ఎవరి యిష్టము వారిది. మనము గ్రహింపదగినది మఱియొకటి యున్నది. ఇంటిని చూచునపుడు ఆనాటివారు ఉన్న గదులతోపాటు లేని గదిని, అనగా తెరచి యుంచిన దిక్కును కూడ లెక్కలోనికి తీసికొనిరి. గది చేర్చుట యనగా ఒక తెరపిని మూయుటయే. కనుక ఏ తెరపిని మూయుచున్నాము అనునది ఇల్లు పెంచువారు వేసికొనవలసిన మొదటి ప్రశ్న.

ఈ మాటలకు ఉదాహరణముగా మా కుటుంబము ఇటీవల చేసిన పనినే చెప్పుదుము. కృష్ణాజిల్లాలోని ఒక పల్లెటూర మా తాతగారు తమ స్వార్జితముతో 1938లో కట్టించిన మండువా లోగిలి మాకు కలదు. తూర్పుముఖపు ఇల్లు. గోడలు పదునెనిమిది అంగుళముల మందము; ఇటుకను గానుగ సున్నముతో కట్టినవి. పైన టేకు దూలములు, తాటి వాసములు, ఆపైన మంగుళూరు పెంకు. 1865లో బాసెల్ మిషనువారు మంగుళూరులో కర్మాగారము పెట్టి చేయనారంభించిన ఈ రకపు పెంకు క్రమముగా దేశమంతట వ్యాపించి మన పల్లెలకును వచ్చినది. నాలుగు వైపుల కప్పులును లోపలికి వాలి, వాననీటిని మండువాలోనికి విడుచును. అచటినుండి నీరు తూము గుండ దొడ్డిలోనికి పోవును.

ఆ ఇంటిలో మా అన్నగారు, వదినగారు, మా మేనత్తగారు ఉందురు. మేనత్తగారికి ఎనుబదిరెండేండ్లు. ఇరువదియైదవ యేట భర్తను కోల్పోయి పుట్టినింటికి వచ్చిరి. మాయందరికి తలంటి పోసినది, మా పెండ్లిండ్లకు అప్పడాలు ఒత్తినది, పిమ్మట మా తల్లిదండ్రులకు చివరిదినములలో మంచినీరు అందించినది ఆమెయే. ఆ ఇంటిలో ఆమెకు ప్రత్యేకముగా గది యనునది ఎన్నడును లేదు. వంటయింటి ప్రక్క వసారాలో నులకమంచము, దాని క్రింద ఒక ట్రంకుపెట్టె, ఇవే ఆమె స్థలము. స్నానాలగది, మరుగుదొడ్డి పెరటి చివర ఉన్నవి. పగటివేళ కఱ్ఱ ఊతతో అచటికి నడచి వెళ్ళుదురు. ఒకనాటి రాత్రి వానలో ఆ దారిని ఆమె జారిపడిరి. ఎముక విరుగలేదు గాని నెలదినములు మంచము దిగలేదు. గది ప్రస్తావన వచ్చినది అప్పుడే.

ఇంటిలో ఒక పని తలపెట్టగనే పది ఆలోచనలు వచ్చుట సహజము. హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న మా పినతండ్రిగారి కుమారుడు ఖర్చులో పెద్దభాగము తాను భరింతుననెను. ఎటులైనను పని మొదలుపెట్టుచున్నాము గనుక, సంక్రాంతికి అందరమును వచ్చినపుడు చాలునట్లు కట్టుకొనవచ్చును గదా యని అతని తలంపు. అది దురాలోచన కాదు. ఇరువది మంది వచ్చి చేరిన పండుగనాడు పిల్లలు ఎచట పండుకొనవలెనన్నది నిజమైన ప్రశ్నయే. అతడు రెండు మార్గములు సూచించెను. మండువాపై శ్లాబు వేసి దానిని పెద్ద హాలుగా చేయుట ఒకటి. వీధివైపు సావడి కప్పు తీసివేసి, మేడగది వేయుట రెండవది.

మండువాను మూయుట ఈ కాలమున చాల ఇండ్లలో జరుగుచున్న పని. దొంగలభయము, దోమలు, వానజల్లు, ఎండుటాకులు, ఇవి దానికి కారణములు. మండువా చేయు పని యేమో తెలిసికొనిన పిమ్మట మూయుటకు చేయి రాదు. పగలంతయు ఇంటిలో వేడెక్కిన గాలి తేలికయై ఆ తెరపిగుండ పైకి పోవును. దాని స్థానమున వీధి గుమ్మమునుండి, పెరటి గుమ్మమునుండి చల్లనిగాలి లోనికి వచ్చును. నాలుగు శాలలకును పగటి వెలుతురు అందునది దానినుండియే. వీధివైపు, పెరటివైపు కిటికీలు చిన్నవిగా ఉంచి తాతగారు ఇల్లు కట్టించుటకు కారణము మండువా యొక్క భరోసాయే. అది మూసినచో మధ్యాహ్నము రెండు గంటలకు దీపము వెలిగించుకొనవలెను. వంటింటి పొగయు, మనుష్యుల ఉక్కయు లోపలనే నిలుచును. పిమ్మట ఆ వేడికి యంత్రమును కొనవలెను. దోమలకు వల కట్టవచ్చును. దొంగలకు ఇనుప కమ్మీల చట్రము వేయవచ్చును. వెలుతురునకు, గాలికి మాత్రము ప్రతినిధులు లేవు. మా మేనత్తగారు ఈ వాదన యంతయు విని ఒకే మాట అనిరి: "మండువా మూసేస్తే వాన వస్తోందో లేదో నాకు ఎవరు చెబుతారురా?" ఆ మాటతో మొదటి మార్గము ముగిసినది.

మేడగది సంగతి లెక్కతో తేలినది. ఇనుము వేసిన కాంక్రీటు ఒక ఘనమీటరు సుమారు 2,500 కిలోల బరువుండును. పండ్రెండడుగుల వెడల్పు, పదునైదడుగుల పొడవు, అయిదంగుళముల మందము గల శ్లాబులో రెండు ఘనమీటర్లకు పైగా కాంక్రీటు పట్టును. అనగా ఒక్క శ్లాబే అయిదు టన్నులకు మించి బరువు. దానిపై గోడలు, మఱల వానిపై ఇంకొక శ్లాబు, మంచములు, మనుష్యులు. పెంకును, వాసములను మోయుటకు పోసిన పునాది ఈ భారమును మోయునని ఎవరును హామీ ఇయ్యలేరు. సున్నపు గోడ బలహీనమైనదని దీని యర్థము కాదు. అది తనకు అప్పగించిన బరువును ఎనుబదియేండ్లకు పైగా మోసినది. అప్పగింపని బరువును ఇప్పుడు దానిమీద పెట్టుట న్యాయము కాదు. మేడ తప్పదనువారు పాతగోడలతో సంబంధము లేకుండ వేరు కంబములు లేపి వానిపై కట్టుకొనవలెను. అదియు గాక, ఎవరికొరకు గది ప్రస్తావన వచ్చినదో ఆమె మెట్లెక్కలేరు.

కావున పెరటివైపు ఒక గది, దానికి చేర్చి స్నానాలగది, మరుగుదొడ్డి కట్టుటకు నిశ్చయమైనది. అంతట గ్రామపంచాయతీ అనుమతికొరకు కాగితములు వెదకవలసి వచ్చినది. ఇంటిపన్ను నేటికిని తాతగారి పేరనే వచ్చుచున్నది. ఆయన 1971లో వీలునామా వ్రాయకయే పోయిరి. వారసులందరి సమ్మతి కావలెనని చెప్పిరి. ఇచట మన శ్రోతలలో చాలమందికి పనికివచ్చు విషయమొకటి చెప్పవలసియున్నది.

హిందూ వారసత్వ చట్టము 1956 జూన్ 17న అమలులోనికి వచ్చినది. ఆ చట్టము ప్రకారము స్వార్జితమైన ఆస్తి గల హిందూ పురుషుడు వీలునామా లేక చనిపోయినచో, భార్యకు, కుమారులకు, కుమార్తెలకు సమానభాగములు వచ్చును. మా తాతగారి యింటిలో నాయనమ్మకు, మా తండ్రిగారికి, పినతండ్రిగారికి, మేనత్తగారికి తలకొక నాలుగవ వంతు వచ్చినది. నాయనమ్మ పోయిన తరువాత ఆమె భాగమును ముగ్గురు బిడ్డలకు చేరినది. అనగా వసారాలో నులకమంచముపై పండుకొను మా మేనత్తగారు ఆ ఇంటిలో మూడవవంతునకు స్వంతదారు. ఆ చట్టములోనే 23వ సెక్షను ఒకటి ఉండెను. కుటుంబము కాపురమున్న ఇంటిని మగ వారసులు తమంతట తాము పంచుకొనువరకు, ఆడ వారసులు పంపకము కోరరాదని అది శాసించెను. విధవరాలైన కుమార్తెకు, పెండ్లికాని కుమార్తెకు, భర్త విడిచిన కుమార్తెకు మాత్రము ఆ ఇంటిలో నివసించు హక్కును ఇచ్చెను. 2005 సెప్టెంబరు 9న అమలులోనికి వచ్చిన సవరణతో ఆ సెక్షను తొలగిపోయినది. నేడు కుమార్తె భాగము కుమారుని భాగమువంటిదే. నివసించుటకును, పంపకము కోరుటకును హక్కు సమానమే.

సంతకముకొరకు కాగితము తీసికొని వెళ్ళినపుడు మా అన్నగారు ఈ సంగతి యంతయు ఆమెకు చదివి వినిపించిరి. ఆమె కొంతసేపు పలుకలేదు. "అయితే ఇన్నాళ్ళూ నేను మా ఇంట్లోనే ఉన్నానన్నమాట" అనిరి. పిమ్మట కండ్లజోడు అడిగి, అక్షరము అక్షరము కూడబలుకుకొని సంతకము పెట్టిరి. పెట్టి, "గది ఎక్కడ కట్టాలో నన్నుకూడా అడగండి" అనిరి. ఏబదియేడేండ్లుగా ఆ ఇంటిలో ఎవరి దయమీదనో ఉన్నానని ఆమె తలచియుండెనని మాకు ఆ మాటతో బోధపడినది. ఒక గది చేర్చుటకై తీసిన కాగితము ఆమెకు ఇల్లంతటిలోను చోటు చూపినది.

డబ్బు ఎవరు పెట్టుచున్నారు, గది ఎవరిది అను విషయమును కూడ ఆ సమయముననే వ్రాసికొంటిమి. ఉమ్మడి యింటికి ఒకరు స్వంతధనముతో గది చేర్చినపుడు, పది సంవత్సరముల తరువాత అది కలహమునకు కారణమగుట తరచుగా చూచుచున్నాము. ఖర్చు పెట్టినవారు గది తమదందురు. స్థలము ఉమ్మడిదని తక్కినవారందురు. ప్రేమలు బాగుగా ఉన్న దినములలోనే వ్రాత సులభము. మేనత్తగారు జీవించియున్నంతకాలము గది ఆమె వాడుకలోనే ఉండును; పినతండ్రిగారి కుమారుడు పెట్టిన మొత్తము ఇంత; దీనివలన ఎవరి వాటాలును మారవు, అని న్యాయవాది సలహాతో వ్రాసి అందరమును సంతకములు చేసితిమి. ఆస్తిని పంచుకొను దస్తావేజు వేరు. దానిని రిజిస్టరు చేయింపవలెను. మాది పంపకము కాదు, ఒడంబడిక మాత్రమే.

ఇక కట్టడపు విషయము. మా పెరటినేల నల్లరేగడి. రైతునకు ఆ నేల వరము, ఇల్లు కట్టువానికి అది పరీక్ష. వానకు ఉబ్బి పైకి లేచును, వేసవికి ఎండి నెఱ్ఱెలు విచ్చును. పాత ఇల్లు ఇన్నియేండ్లలో తన బరువునకు తగినట్లు నేలలో కుదురుకొన్నది. క్రొత్త గది ఇప్పుడు కుదురుకొన నారంభించును. కుదురుకొనిన దానిని, కుదురుకొనబోవుదానిని ఇటుకలు పండ్లవలె పెనవేసి ఒకే గోడగా కలిపినచో, మొదటి రెండుమూడు సంవత్సరములలోనే ఆ కలయిక వెంబడి పగులు కనబడును. పగులులోనికి వాన, వానతో చెదలు. తరువాత ఎన్నిసార్లు సిమెంటు పూసినను మఱల అచటనే విచ్చును. అందుచేత ఇంజనీరులు రెండు కట్టడముల నడుమ కనీసము అంగుళము సందు ఉంచవలెనందురు. క్రొత్తది పాతదానిని చేరవలెను గాని, దానిమీద ఆనరాదు.

పాతగోడ ప్రక్కనే లోతుగా కందకము త్రవ్వుట మఱియొక అపాయము. ఆ గోడ క్రింది మట్టి సడలి పోవచ్చును. ఈ రెండు చిక్కులకును రేగడినేలలలో చక్కని ఉపాయమొకటి కలదు. 1947లో రూర్కీలో స్థాపితమైన కేంద్ర భవన పరిశోధన సంస్థవారు పెంపొందించిన అండర్‌రీమ్డ్ పైలు అను పునాది అది. నేలలో సన్నని గుండ్రని గొయ్యి తొలిచి, అడుగున దానిని కాండముకంటె సుమారు రెండున్నర రెట్లు వెడల్పుగా చేసి, ఇనుపచువ్వలతో కాంక్రీటు పోయుదురు. నేలలో పాతిన ఉల్లిగడ్డవలె ఉండును. ఋతువులనుబట్టి ఉబ్బి క్రుంగునది పైపొర మాత్రమే. సామాన్యముగా సుమారు 3.5 మీటర్ల లోతునకు పోవు ఈ కంబము కదలని పొరను పట్టుకొనును. కంబముల తలలను కలుపు బీమునకును నేలకును నడుమ కొంచెము ఖాళీ ఉంచుదురు. నేల ఉబ్బినను బీమును పైకి నెట్టకుండుటకు. మాది చిన్నగది గనుక కంబములు కొలదిగనే సరిపోయినవి. పాతగోడను ఎచటను త్రవ్వవలసిన పని లేకపోయినది.

గదిని పాతగోడకు ఆనింపక నాలుగడుగుల దూరమున కట్టించి, నడుమ ఒక నడవ ఉంచితిమి. దీనికి కారణము చూరు. మండువా ఇంటి పెరటి చూరు మనిషి తలకు కొంచెము ఎత్తున మాత్రమే ఉండును. క్రొత్త గది శ్లాబు దానికంటె ఎత్తుగా ఉండక తప్పదు. గోడను గోడకు ఆనించినచో, పాతకప్పునుండి జారిన వాననీరు సూటిగా క్రొత్తగోడకు కొట్టి అచటనే నిలుచును. ఆ నీటి పరిమాణము తక్కువయని తలపరాదు. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడినచో ఒక లీటరు నీరగును. మా పెరటివైపు కప్పు సుమారు 42 చదరపు మీటర్లు. ఒక గంటలో 50 మిల్లీమీటర్ల వాన కురిసినచో 2,100 లీటర్లు ఆ చూరునుండి దిగును. కోస్తాలో తుపాను దినములలో అట్టి వాన అపురూపము కాదు. నడవపై చిన్న పెంకుల కప్పు వేసి దానిని పాతచూరువైపునకు వాల్చితిమి. రెండు కప్పులకు నడుమ వెడల్పైన రేకు దోనె నడిపితిమి. దోనెను మోయునవి క్రొత్తగదికి చెందిన స్తంభములే. పాతవాసములపై దాని బరువు లేదు. నీరు ప్రక్కనున్న కొబ్బరిచెట్ల మొదళ్ళకు పోవుచున్నది.

వంటయింటి కిటికీ పెరటివైపున ఉన్నది. చాల ఇండ్లలో క్రొత్తగది చేర్చునపుడు మొదట బలియగునది వంటయింటి కిటికీయే. వంట చేయువారు ఆ చర్చలో ఉండరు గనుక, గీత గీయు కాగితమున ఆ కిటికీ కనబడదు. మా వదినగారు ముగ్గుపిండి తీసికొని వెళ్ళి, పెరటిలో గది గీతలు తామే నేలపై పోసి, వంటయింటిలో నిలువబడి చూచి, గదిని ఆరడుగులు దక్షిణమునకు జరిపించిరి. సిద్ధాంతిగారు వచ్చి చూచి, నైరృతి మూలకు జరిగినది గనుక శాస్త్రమునకును సరిపోయినదనిరి. వదినగారు నవ్వి ఊరకుండిరి. గదికి పడమటి ఎండ తగులును గనుక ఆ వైపు కిటికీ చిన్నదిగా, దానిపై ఎండకు అడ్డము వెడల్పుగా ఉంచి, దక్షిణపు గాలికి పెద్దకిటికీ పెట్టించితిమి.

నేలమట్టము గుఱించి కొంత వాదన జరిగినది. మా వీధి ప్రతి పది పదునైదేండ్లకొకసారి పైకి లేచుచున్నది. పాతరోడ్డును తవ్వక దానిపైననే క్రొత్త కంకర పోయుటచే, చిన్ననాడు మూడుమెట్లెక్కిన అరుగునకు ఇపుడు ఒక మెట్టు మిగిలినది. అందుచేత గదిమట్టము అడుగున్నర ఎత్తించుమని కొందరనిరి. గదికి వరదభయము తీరును గాని, ముసలివారికి ఆ అడుగున్నరయే గండము. నడవ వెడల్పు నాలుగడుగులు. చక్రముల కుర్చీకిని, వణకు కాళ్ళకును అనువైన వాలు పండ్రెండింట ఒకటి. అనగా పండ్రెండడుగుల దూరమునకు ఒక అడుగు ఎత్తు. ఆ లెక్కను నాలుగడుగులలో నాలుగంగుళములు లేవవచ్చును. గదిమట్టమును నాలుగంగుళములే ఎత్తి, నడవను మెట్టులేని వాలుగా చేసి, గోడవెంట పట్టుకొనుటకు కఱ్ఱకడ్డీ బిగించితిమి. నీటిభయమునకు పెరటి కాలువను లోతుచేయించితిమి. ద్వారబంధము మూడడుగుల తెరపి. స్నానాలగదిలో నీరు నిలువని గరుకు పలకలు, గోడకు ఉక్కు పిడులు, మంచముపై చేయి చాచినచో అందు దీపపు మీట.

గడప వద్ద మాత్రము మేనత్తగారు పట్టుపట్టిరి. కాలికి తగులునని వడ్రంగి గడప లేకుండ బంధము చేసి తెచ్చెను. "గడప లేని గుమ్మం ఏమిటి? పసుపు ఎక్కడ రాయాలి?" అని ఆమె ప్రశ్న. గడప అడ్డుకఱ్ఱ మాత్రమే కాదు. ఇంటికి లోపల, బయట అను భేదము చెప్పునది అది. వడ్రంగి బుద్ధిమంతుడు. టేకుపలకను నేలతో సమముగా పొదిగెను. కాలికి తగులదు, కంటికి కనబడును. శుక్రవారము పసుపు, కుంకుమ దానికే పెట్టుచున్నారు.

శ్లాబు పోసిన తరువాత తొందరపడుట మనవారి సాధారణ లక్షణము. సిమెంటు ఎండి గట్టిపడునని చాలమంది తలంతురు. అది ఎండుటచే గట్టిపడదు. నీటితో రసాయనికముగా కలిసి గట్టిపడును. నీరు ఆరిపోయినచో ఆ కలయిక నడుమనే ఆగిపోవును. సామాన్యపు సిమెంటునకు కనీసము 7 దినములు, బూడిద మొదలగునవి కలిసిన సిమెంటునకు 10 దినములు తడి ఆరనీయరాదని భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 456 నిర్దేశించుచున్నది. నాలుగున్నర మీటర్లకు మించని శ్లాబు క్రింది పోట్లు 7 దినములకు ముందును, ఆరు మీటర్లకు మించని బీముల క్రిందివి 14 దినములకు ముందును తీయరాదు. మా తాపీమేస్త్రి శ్లాబుపై బంకమట్టితో చిన్నచిన్న గట్లు వేసి, నారుమడులవలె నీరు నిలిపెను. ఉదయము, సాయంకాలము ఆ మడులను చూచి వచ్చుట మా అన్నగారికి వ్యవసాయమువలెనే తోచినది.

ఆ మేస్త్రియే పాతగోడకు చెమ్మ పట్టినచోట సున్నము గీకి, సిమెంటు పూయుదునని ముందుకు వచ్చెను. అది వలదంటిమి. సున్నపుగోడ నేలనుండి చెమ్మను పీల్చి, తన మేనినుండి గాలిలోనికి విడుచును. దానిపై సిమెంటుపూత వేసినచో చెమ్మ బయటికి పోవు దారి మూతపడును. గోడలోనే పైపైకి ప్రాకి, పూత అంతమైనచోట చౌడుగా తేలును. పైగా సున్నము మెత్తనిది; ఇల్లు కొంచెము కదలినను తానును కదలి, సన్నని నెఱ్ఱెలను కాలక్రమమున తానే పూడ్చుకొనును. సిమెంటు గట్టిది గనుక వంగక పగులును. గట్టిది మేలైనదను భ్రమవలన ఎన్నో పాతగోడలు చెడిపోయినవి. పాతదానికి పాత వైద్యమే చేయించితిమి. సున్నము దొరకుట కొంత కష్టమైనది. దానిని కలుపుట తెలిసిన వృద్ధుడొకడు ప్రక్క ఊరిలో ఉండుట అదృష్టము. అతని చేతిక్రింద మా మేస్త్రియు ఆ పని నేర్చుకొనెను.

గృహప్రవేశమువంటి ఆర్భాటమేదియు చేయలేదు. పాలు పొంగించి, నులకమంచమును, ట్రంకుపెట్టెను క్రొత్తగదిలోనికి చేర్చిరి. మొదటి రాత్రి ఆమెకు నిద్రపట్టలేదట. మరునాడు మంచమును కిటికీ దగ్గరనుండి తలుపు దగ్గరకు జరిపించుకొనిరి. అచటినుండి నడవలోగుండ మండువా కనబడును. సంక్రాంతికి పిల్లలు వచ్చినపుడు ఆ గదిలో నలుగురు ఆమెతో పండుకొనిరి. పినతండ్రిగారి కుమారుడు తలగడ తీసికొని మండువా ప్రక్కన వసారాలో పండుకొనెను. హాలు లేదని విచారించినట్లు కనబడలేదు.

ఇల్లు పెంచదలచువారికి మేము చెప్పగలిగినది కొలది మాటలలోనే ఉన్నది. మేస్త్రిని పిలుచుటకు ముందు కాగితములు చూచుకొనుడు. ఇంటిలో ఎవరి భాగమెంతయో అందరియెదుట చదువుడు. గది ఎవరికొరకో వారిని అడుగుడు. వంట చేయువారిని అడుగుడు. తక్కువ మాటలాడువారిని రెండుసార్లు అడుగుడు. గాలి, వెలుతురు వచ్చు తెరపులను లెక్కించి, వానిని విడిచి తక్కినచోట కట్టుడు. క్రొత్తగోడను తన కాళ్ళపై తాను నిలువనిండు. పాతగోడను దాని సున్నముతోనే ఉండనిండు. మఱియు, రెండు కప్పుల నడుమ దోనె వేసినవారు మృగశిర కార్తెకు ముందే నిచ్చెన వేసి, అందులో పడిన ఎండుటాకులు తీయించుట మరువరాదు. మొదటి వానకు గది చెడునో, నిలుచునో ఆ ఆకులే నిర్ణయించును.